గులాబీల కప్పులు

ఓడ రేవుకొచ్చిన ప్రతిసారీ దర్జీ ఇంట్లో ఒక కప్పు మాయమవుతోంది.

కొత్త ఇల్లు కొన్నప్పుడు అతని అక్కయ్య ఇచ్చిన కప్పులవి. ఒంటినిండా అరచేయంత నారింజరంగు గులాబీలు, బంగారు అంచు, సన్నని కాలు. వచ్చినప్పుడల్లా ఆవిడ వాటిలోనే టీ పోయించుకుని, గోడమీద తానే పెట్టించిన, గంటగంటకీ పిట్ట కూసే గడియారం కేసి మురిపెంగా చూస్తూ తాగుతుంది. ఇప్పుడు మిగిలింది ఒక్క కప్పే. అక్కయ్య వచ్చే వారం వస్తోంది.

ఆ ఇంట్లోకి చనువుగా వచ్చే బయటి మనిషి ఒక్కడే. ఓడలో వంటవాడు, దర్జీతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. రేవుకొక పాత స్నేహితుడున్నా, ఇక్కడ దిగితే ముందు దర్జీ గుమ్మమే ఎక్కుతాడు. దర్జీకీ అంత దగ్గరివాడు ఇంకొకడు లేడు. అందుకే వాణ్ణి దొంగ అనడానికి నోరు రావడం లేదు, ఊరుకుందామంటే మనసు ఊరుకోవడం లేదు.

భార్య మాత్రం పెద్ద మనసు చేసుకుంది. పోయిన కప్పుల కోసం ఉన్న స్నేహం పాడుచేసుకోవద్దని నచ్చజెప్పింది.

"మీ అక్కయ్యకి మాత్రం మీరే చెప్పండి. నేను చెబితే నేనే పగలగొట్టాననుకుంటారు," అంది.

ఈసారి వంటవాడు భోజనానికి వచ్చినప్పుడు దర్జీ కన్ను వాడి మీంచి కదల్లేదు. "ఏం చెల్లెమ్మా, కూరలో ఉప్పుకి బదులు సముద్రం తోడి పోశావా?" అని దర్జీ భార్యని ఆటపట్టిస్తూనే రెండోసారి వడ్డించుకున్నాడు. చేయి కడుక్కుని గడియారం దగ్గరికెళ్ళి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి జానతో కొలిచాడు.

కొలతల మీదే బతికే దర్జీకి ఆ జానలు ఎందుకో వెంటనే అర్థమైంది. కప్పుల తర్వాత వంతు దీనిదన్నమాట.

లోపలికెళ్ళి చొక్కా తొడుక్కొచ్చి, సాగనంపుతానని వాడి సంచి తనే అందుకున్నాడు. అది తను కుట్టి ఇచ్చిందే. లోపల దూది పెట్టి కుడితే అన్నయ్యగారి సామాను దెబ్బతినదని భార్య అంటే, అలాగే మెత్తగా కుట్టాడు. ఇప్పుడు ఆ దూది మధ్యలో గుండ్రంగా, చెవితో సహా, చేతికి తగిలింది చివరి కప్పు.

దారంతా దర్జీ ఆ సంచి వదల్లేదు. వంటవాడు ఓడలోకి తీసుకెళ్ళి తన వంటగది చూపించాడు. బల్ల చుట్టూ గట్టు, పళ్ళేలు జారకుండా కింద తడిబట్ట, కొక్కేలకు వేలాడుతూ వెడల్పు అడుగున్న మొద్దు స్టీలు మగ్గులు.

దర్జీ సంచిలోంచి కప్పు తీసి బల్లమీద పెట్టాడు.

"దీంట్లో తాగుతావట్రా నువ్వు?"

"సముద్రంలోనా? ఓడ ఒక్కసారి ఒరిగిందంటే మీ అక్క గులాబీలు నేలమీద పూస్తాయి," అని నవ్వాడు వంటవాడు. తక్కినవన్నీ రేవుకొకటి చొప్పున స్నేహితులకి పంచేశానన్నాడు. ఒకడు అందులో గడ్డం బ్రష్షు పెట్టుకున్నాడట. ఇంకొకడింట్లో పిల్లి పాలు తాగుతోందట.

దర్జీకి నవ్వు రాలేదు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా. నా ఇంట్లో దొంగతనం చేయాల్సిన ఖర్మేంటి నీకు?"

వంటవాడు కాసేపు తల గోక్కున్నాడు. కప్పుని పసిపిల్లని పడుకోబెట్టినట్టు మళ్ళీ దూదిలో పెట్టాడు.

"నోరు విప్పనని మాటిచ్చాను. కానీ నీ మొహం చూస్తే ఆగలేకపోతున్నా," అన్నాడు. "గడియారం ఈ సంచిలో పట్టదని చెప్పాను చెల్లెమ్మతో. పైసారికి నీ చేతే పెద్దది కుట్టిస్తానంది."