ఎముకలవాడి జోలపాట

ఇప్పుడు ఏ బడిలో సీటు కావాలన్నా పిల్లలు పాటల మిషన్ ముందు నిలబడాల్సిందే. అందులో అందరికీ ఒకే జపాన్ పాట వస్తుంటే తాళం తప్పకుండా డోలు లాంటి పలకను కొట్టాలి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మా కుందనకు అలా కాకూడదని ఆ పాటనే పుట్టినప్పటి నుంచీ జోలగా పాడాను.

పాటలో యంత్రం గొంతుతో ఓ అస్థిపంజరం తన చావు భోజనానికి తనే వచ్చి, పులుసులో ఉప్పు చాల్లేదని పేచీ పెడుతుంది. అర్థం తెలిసిన రోజు మా అత్తయ్య, "పసిదానికి ఇదేం జోలపాటే, ఇంకేం దొరకలేదా?" అని తిడుతూనే పడీపడీ నవ్వింది.

ఈ రోజు బడిలో కుందన వంతు. పాట మొదలవగానే అది ఆవులించింది. ఈ పాట వింటే నిద్రపోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"కళ్ళు తెరువు బంగారం."

"నిద్దరొస్తందమ్మా," అంటూ మిషన్ మీదికి ఒరిగిపోయింది.

కానీ చెయ్యి ఆగలేదు. రోజూ నేను దాన్ని జోకొట్టినట్టే అది పలకను జోకొడుతోంది. ఒక్క దెబ్బా తప్పలేదు. సరైన దెబ్బకో చుక్క చొప్పున మిషన్ తెర మీద వెలుగుతున్నకొద్దీ నాకు ఒళ్ళంతా పులకరించింది. పాట ముగిసేసరికి తెరంతా చుక్కలతో నిండిపోయింది.

"సీటొచ్చిందమ్మా," అన్నారు టీచరుగారు, మెల్లగా. "సోమవారం నుంచి పంపండి. పొద్దున ప్రార్థనకి కూడా ఈ పాటే పెడతాం."

పరిగెత్తాలనిపించింది. బిడ్డ లేస్తుందని భుజాన వేసుకుని నెమ్మదిగా నడిచాను. దిండు కూడా పంపాలేమో మాత్రం అడగలేదు.