ఆఖరి ముద్ద

ఆల్ప్స్ కొండదారి సగంలో డూరీ మోకాళ్ల మీద చేతులాన్చి ఆగిపోయాడు. వెనకే వస్తున్న కూతురు మెంజియాకు కాళ్లు వణుకుతున్నాయి. అయినా వీపు మీది ఇసుక సంచీ దించలేదు.

"వేట ముగిసి నెలైంది కదే! ఇంకా ఈ మోతలెందుకు? అంత బరువెందుకు? కొండమేక ముప్పై కిలోలుంటే గొప్ప."

"నువ్వు నడువు నాన్నా."

"ఈ ఏడు బాగానే గడిచింది. రెండు మేకలు పడ్డాయి. నేనొక్కసారి జారాను, అంతేగా?"

"జారలేదు. పడిపోయావు. పావుగంట పిలిచినా పలకలేదు."

"బతికే ఉన్నానుగా!"

"అప్పుడు నాకేం తెలుసు? బోర్లాపడ్డ నిన్ను తిప్పి చూస్తే నోట్లో పైన్ రెమ్మ ఉంది. వేటలో చచ్చిన మేక నోట్లో ఆఖరి ముద్ద అని మనం రెమ్మ పెడతామే, అచ్చం అలాగే. మోసుకొద్దామంటే నిన్ను లేపలేకపోయాను."

డూరీ నవ్వబోయి ఆగాడు. సంచీ వైపు చూశాడు.

"ఎన్ని కిలోలే అది?"

"ఇవాళ యాభై. వచ్చే వేటకి అరవై నాలుగు మొయ్యాలి."

మొన్న ఆస్పత్రిలో తూచి చెప్పిన డూరీ బరువు సరిగ్గా అరవై నాలుగు.

"రేపట్నుంచి జున్ను తినడం తగ్గిస్తాలే," అన్నాడు.