దరుమకు రెండో కన్ను

దరుమ బొమ్మకు ఎవరో రెండో కన్ను పెట్టేశారు.

సోమవారం సెలవు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఊరి ఉమ్మడి వేడినీళ్ల స్నానశాల తలుపు తీయగానే మొదట అడుగుపెట్టిన కజితాని కంట్లో పడింది ఆ ఘోరం. ఆయన చేతిలోని సబ్బుపెట్టె జారి కింద పడింది.

“సుమియే గారూ! ఎవరి పని ఇది?”

“ఏమోనండీ, నీళ్లు కాగాయో లేదో చూసుకోవడానికే సరిపోయింది నాకు,” అంది కౌంటరు వెనక నుంచి సుమియే. పాతికేళ్ల కిందట భర్త పోయినప్పటి నుంచి ఆ స్నానశాలను ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. “అయినా పాపం, రెండు కళ్లతో బాగానే ఉన్నాడుగా!”

“బాగుండటమా! మన కొంప మునిగింది!”

మునగడమే మరి. దరుమ అంటే కళ్లు దిద్దకుండా అమ్మే గుండ్రటి అదృష్టపు బొమ్మ; కోరిక కోరుకున్నప్పుడు ఒక కన్ను పెడతారు, అది తీరాక రెండోది. పంతొమ్మిదేళ్ల కిందట, కమిహామా పెలికాన్స్ బేస్‌బాల్ కప్పు గెలవాలని కజితానీ, ఇంకో నలుగురు అభిమానులూ ఈ కౌంటరు మీదే మొదటి కన్ను పెట్టారు. గెలిస్తే ఏం చేస్తారో తలా ఒక చీటీ మీద రాసి, ఆ బోలు బొమ్మ కడుపులో కుక్కారు. రెండో కన్ను వచ్చిన రోజున చీటీలు అందరి ముందూ విప్పాలి, రాసిన మాట నిలబెట్టుకోవాలి. పెలికాన్స్ పుణ్యమా అని ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. అయిదేళ్లుగా ఆఖరి స్థానం వాళ్లదే.

అయినా మార్చి వచ్చిందంటే వీళ్లకు రెక్కలొస్తాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క ఆటైనా మొదలుకాకముందే గెలుపు ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలో తగువులాడుకుంటారు. ఈసారి బంతి విసిరే కుర్రాడి మోచేయి బాగుపడిందట. వెనిజులా నుంచి తెచ్చుకున్న బ్యాటర్ మాత్రం ఇక్కడి తిండి పడక చిక్కిపోతున్నాడట. ఆ దిగులుతో కజితానికి వారం రోజులుగా నిద్ర లేదు. శుక్రవారమే మొదటి ఆట. ఇప్పుడు కోరిక తీరిపోయిందనుకుంటే, చేతుల్లేని దరుమ కూడా చేతులు దులుపుకుంటాడు.

నాలుగయ్యేసరికి మిగతా నలుగురూ వచ్చి చేరారు. రేవులో క్రేను నడిపి రిటైరైన బ్రహ్మచారి కజితాని, ఉన్నపళంగా డిటెక్టివ్ అయిపోయాడు. కళ్లజోడు సవరించుకుని బొమ్మను వెలుతురులోకి తిప్పాడు. పాత కన్ను బొగ్గులా నల్లగా ఉంది. కొత్తదానిలో కాస్త గోధుమ రంగు.

“మన సిరా కాదిది. బయటివాడి పనే.”

ఆయన చూపు చెప్పుల అరల మీదికి పోయింది. ఒక్కో అరకు ఒక్కో అంకె, ఆ అంకె వేసిన చెక్క తాళంచెవి. ఎవరికిష్టమైన ఆటగాడి చొక్కా మీది అంకె ఏదో ఆ అరే వాళ్లది. పదిహేడో అర కోసం ఇద్దరు మూడు నెలలు మాట్లాడుకోలేదు.

“అరవై ఒకటిలో ఎవరు పెట్టారు చెప్పులు?” కజితాని వేలు చూపించాడు. “మన జట్టులో ఆ అంకె ఎవడికీ లేదు. టోక్యో ఫాల్కన్స్‌లో ఉంది!”

అప్పుడే స్నానం ముగించి, మెడలో తువ్వాలుతో బయటికొచ్చాడు తొకుదా. మొన్న శరత్కాలంలో ఊరికి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి, ఆ రోజు సెలవులో ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తాళంచెవిని వీపు వెనక దాచుకున్నాడు.

“నువ్వేనా?”

“నేను ఫాల్కన్స్ మనిషినే, ఒప్పుకుంటాను. పుట్టి పెరిగింది అక్కడ. కన్ను మాత్రం నేను పెట్టలేదు. మీ జట్టును ఓడించడానికి దరుమ దాకా ఎందుకండీ? మీ జట్టు చాలదూ?”

చేపలమ్మే నొజిరి ఫక్కున నవ్వి, కజితాని మొహం చూసి మింగేశాడు.

“ఇంకోసారి ఈ గడప తొక్కావంటే చూడు!”

“గడప నాది,” అంది సుమియే. “ఎవరు తొక్కాలో నేను చెప్తాను. ముందు మీ నియమం సంగతి చూడండి. కన్ను వచ్చిందిగా, చీటీలు తీయాలి.”

అంతవరకూ ఎగిరిపడ్డ డిటెక్టివ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. “అది... అది దొంగ కన్ను. చెల్లదు.”

“కన్ను వస్తే చాలన్నారు. ఎలా రావాలో రాయలేదు. తొకుదా గారూ, మీరు చదవండి. ఇందులో మీ చీటీ లేదు కాబట్టి మీకు మొహమాటం ఉండదు.”

నొజిరి సిగరెట్లు మానేస్తానని రాశాడు. వెంటనే పెట్టె జేబులోకి తోశాడు. ఇంకొకాయన అత్తగారిని వేడినీటి ఊటలకు తీసుకెళ్తానని రాశాడు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. అల్లుడు ఓ మాటు తల వంచుకుని, ఆ తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మరో రెండు అయ్యాక, ఆఖరి చీటీ కోసం కజితాని కౌంటరు మీదికి ఉరికాడు. తొకుదా చెయ్యి పైకెత్తి, ఫాల్కన్స్ గౌరవమంతా గొంతులో నింపుకుని చదివాడు.

“‘దరుమకు రెండో కన్ను వచ్చిన రోజున, నన్ను పెళ్లి చేసుకోమని సుమియేని అడుగుతాను. కజితాని.’”

కజితాని మరుగునీళ్లలోంచి తీసిన పీతలా ఎర్రబడ్డాడు. పంతొమ్మిదేళ్లు దాచుకున్న మాట అలా నలుగురిలో పడేసరికి పాపం ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు.

“సుమియే గారూ... పెలికాన్స్ గెలవకుండా... అది చెల్లదు కదండీ...”

సుమియే ఏప్రన్ జేబులోంచి, కనుబొమలు దిద్దుకునే గోధుమరంగు పెన్సిల్ తీసి దరుమ పక్కన పెట్టింది.

“డిసెంబరులో బూజు దులుపుతుంటే ఆ చీటీ నా ఒళ్లోనే పడింది. పెలికాన్స్ గెలిచేదాకా ఆగితే అడగడానికి మీరుండరు, వినడానికి నేనుండను!”