నరసింహులు ముఖం

"నీ డ్రైవు నువ్వు పీక్కొని పో. కానీ నా కండ్ల ముందర చెరిపి పీకు," అన్నాడు సంజీవయ్య.

ఆళ్లగడ్డలో అతనిది విగ్రహాలు చెక్కే షెడ్డు. అక్కడ కంప్యూటర్ చూసే పౌలు ఆ పూటతో మానేసి నంద్యాలలో ఇంకో శిల్పి దగ్గరికి పోతున్నాడు. అందులోని పాత పెద్ద డిస్కు మరీ నిదానమని, పాడైన తన ల్యాప్‌టాప్‌లోని చిన్న ఎస్‌ఎస్‌డీ డ్రైవును తెచ్చి దానికి ముందు తగిలించింది పౌలే. ఏది దాచినా ముందు చిన్నదాంట్లో టక్కున పడుతుంది. అక్కణ్నుంచి తీరిగ్గా పెద్దదాంట్లోకి దిగుతుంది.

"ఒక గంట ఆగన్నా. పొద్దున తెచ్చిన కొలత ఇంకా దిగతాండాది."

"గంటలో నా డిజైన్లన్నీ ఫోన్లోకి ఎక్కించుకుంటావ్. నేనేమన్నా ఎర్రోన్నా?"

"నరసింహులు ముఖమన్నా అది. పెద్దదాంట్లో లేదింకా."

"సాల్లేప్పా. నాది నాలుగు టెరాబైట్లు, నీది బొటనేలంత. నీదాంట్లో పట్టింది నాదాంట్లో పట్టదా? చెరుపు."

పౌలు చెరిపాడు. స్క్రూ విప్పి, డ్రైవు జేబులో వేసుకొని బస్సెక్కాడు.

బండి ఆత్మకూరు ఊళ్లో చనిపోయిన నరసింహులుకు ఆధార్ కార్డు మీద తప్ప ఫోటో లేదు. అందుకే పొద్దున శవాన్ని ఎత్తకముందే పౌలు పోయి, స్కానర్‌తో ముఖం చుట్టూ తిరిగి కొలత తీసుకున్నాడు. మధ్యాహ్నం పూడ్చిపెట్టారు. కొడుకు రాజశేఖర్ సంజీవయ్యకు ఒకటే మాట చెప్పాడు: "పెద్దకర్మ నాటికి సమాధి మీద మా నాయన కూచోవాల. ముఖం రవ్వంత తేడా వచ్చినా ఆ రాయి నీ షెడ్డు ముందరే పగలగొడతా."

సాయంత్రం సంజీవయ్య ఆ ఫైలు తెరిచాడు. పేరుంది. లోపల ఒక చెవి, సగం గడ్డం. అంతే.

పౌలుకు ఫోన్ చేశాడు.

"పౌలూ, ఆ డ్రైవు వెనక్కి తేప్పా. కారు పంపిస్తా."

"తెచ్చినా ఏముందన్నా దాంట్లో? పక్కన నిలబడి చెరిపించినావు గదా."

"ఇంగేం దావ లేదా?"

"ముఖముంటే మళ్లా తీయొచ్చు," అని పౌలు పెట్టేశాడు.

సంజీవయ్య బల్ల మీది స్కానర్ అందుకున్నాడు. దాన్ని తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత రాజశేఖర్‌కు ఫోన్ కలిపి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"అప్పా, మీ నాయన మీద సిమెంటు పోసినారా, ఇంకా మట్టేనా?"