టొలెగెన్ లేవడం లేదు

పొద్దున్నుంచి పాల కంపెనీలో ఆర్డర్లు ఆగిపోయాయి. షిమ్‌కెంట్ నగరంలో ఏ కొట్టుకు ఎన్ని డబ్బాలు వెళ్ళాలో చెప్పే సర్వరు పడిపోయింది. వాకిట్లో లారీల నిండా ఒంటె పాలు. పైన జూలై ఎండ. డ్రైవర్లలో ఒకతను, ఎవరూ చెప్పకుండానే, గోనెపట్టాలు తడిపి డబ్బాల మీద కప్పుతున్నాడు.

సర్వర్ల గదిలో జాదిరా ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో యజమాని టొలెగెన్ నిలబడ్డాడు.

"మధ్యాహ్నానికి పాలు విరిగిపోతాయమ్మా. ఇంకోసారి ఆగితే అల్మాటి నుంచి వేరే మనుషుల్ని తెప్పిస్తానన్నాను. గుర్తుందిగా?"

గుర్తుందన్నట్టు తలూపింది.

ఆ సర్వర్లను వసంతంలో అమర్చింది ఆమే. ఇనుప పెట్టె ఒకటే. లోపల మూడు వర్చువల్ సర్వర్లు, ఒకే ఇంట్లో మూడు కాపురాల్లా. పేర్లేం పెట్టమంటారని అడిగితే టొలెగెన్ తన వంశాన్నంతా దింపేశాడు. లెక్కలు చూసేదానికి తాత పేరు, బైజాన్. గోడౌనుదానికి తండ్రి పేరు, సెయిత్. ఆర్డర్లూ మెయిలూ చూసేదానికి సాక్షాత్తూ తన పేరు.

ఆ రోజుల్లో జాదిరాకు మొహమాటం ఉండేది కాదు. "టొలెగెన్ మళ్ళీ నిద్రపోయాడు" అనీ, "టొలెగెన్‌కు జ్ఞాపకశక్తి చాలడం లేదు" అనీ గదిలోంచి కేకేసేది. పక్క గదిలో టీ తాగుతున్న టొలెగెన్‌కు పొలమారేది. ఆఫీసంతా నవ్వేది. ఆయన భార్య కుల్యాష్ మాత్రం ఆ పేర్లు ఎన్నడూ అనలేదు. "గోడౌనుది", "లెక్కలది", "మా ఆయనది" అనేది. పాపం, ఆమెకు కంప్యూటర్లు వంటబట్టలేదని అందరూ అనుకున్నారు.

ఆఫీసుకు ఇంకో వినోదం, యజమాని కొడుకు అలిబి. సర్వర్ల గదిలో అతనికి పనేమీ లేదు. అయినా ఏసీ బాగుందంటూ రోజూ వచ్చి కూర్చునేవాడు. ఏప్రిల్లో జాదిరాను ఒక మాట అడిగాడు. ఏమడిగాడో అందరికీ తెలుసు. "చూస్తాను" అంది జాదిరా. జూలై వచ్చింది. ఇంకా చూస్తూనే ఉంది.

ఇవాళ తప్పెక్కడుందో ఆమె టీ చల్లారేలోగానే పట్టేసింది. డిస్కు నిండిపోయింది. దాంతో ఆర్డర్ల సర్వరులోని ఫైళ్ళు చెడిపోయాయి. చోటు ఖాళీ చేసినా అది లేవలేదు. నిన్నటి నకలు అల్మాటిలో, కంపెనీ అద్దె కట్టే చోట, భద్రంగా ఉంది. దాన్ని ఎక్కించమని అడగడమే మిగిలింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ చోటు నడిపేవాళ్ళు ఒకసారి ఒకరి సర్వరు మీద ఇంకొకరి నకలు ఎక్కించేశారట. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. సర్వరు పేరు ఖాతా చూసే మనిషి మెయిల్లో రాయాలి, లేదా తన నోటితో చెప్పాలి, అది రికార్డు కావాలి. అందాకా దేన్నీ ముట్టుకోరు. మెయిలు పంపుదామంటే, మెయిలున్నదీ పడిపోయిన సర్వరులోనే.

"పేరు చెప్పండి" అన్నాడు ఫోనులో ఉద్యోగి.

"ఆర్డర్లది."

"అది దాని పని. పేరు?"

"పైనుంచి మూడోది. అడ్రసు చివర పద్నాలుగు."

"అడ్రసు నాకూ కనబడుతోందక్కా. పేరు మీ నోట రావాలి. ఒక్క ముక్క."

జాదిరా ముఖం ఎర్రబడింది. "మిగతా రెండూ కానిది" అంది.

అకౌంటెంటు రౌషన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమర్చినావిడే పేరు మర్చిపోయిందని పక్కనున్న వాళ్ళతో గుసగుసలాడింది. తర్వాత జాలి కలిగి, యజమానితో, "మీ పేరున్నది పడిపోయిందని మీ ఎదుట ఎలా అంటుంది పాపం" అంది.

టొలెగెన్‌కు ఆ మాట నచ్చింది. "ఫర్లేదమ్మా, అనెయ్. నేనేమీ అనుకోను."

జాదిరా తల వంచుకుంది. "ఆ పద్నాలుగుదే" అంది మళ్ళీ ఫోనులో.

వాకిట్లో డ్రైవరు గోనెపట్టాలు మళ్ళీ తడుపుతున్నాడు. అది చూసి టొలెగెన్‌కు ఓపిక అయిపోయింది. ఫోను లాక్కున్నాడు.

"టొలెగెన్ పడిపోయాడయ్యా. టొలెగెన్ లేవడం లేదు. తొందరగా లేపండి."

"మీరెవరండీ?"

"టొలెగెన్‌ని."

"మీరు లేచే ఉన్నారుగా పెద్దాయనా" అన్నాడు ఉద్యోగి.

ఒప్పందం మీద సంతకం ఆయనదే కాబట్టి ఆయన గొంతు చెల్లింది. నకలు ఎక్కింది. ఆర్డర్లు తెర మీదికి వచ్చాయి. లారీలు ఒక్కొక్కటే గేటు దాటాయి.

టొలెగెన్ చెమట తుడుచుకున్నాడు. గుమ్మం పక్కన టీ పళ్ళెంతో ఇంతసేపూ నిలబడి చూస్తున్న భార్య వైపు తిరిగాడు.

"చూశావా? ఒక్క పేరు చెప్పడానికి లారీల పాలు విరగ్గొట్టేది. అల్మాటి నుంచి వేరే మనుషుల్ని రమ్మని ఫోను చేసేస్తున్నా. ఈ పిల్లతో మనకు పడదు."

ఆమె వెనక అలిబి ముఖం పాలిపోయింది. జాదిరా తన సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

కుల్యాష్ తొందరపడలేదు. పళ్ళెం కింద పెట్టింది. జాదిరా చేతిలోని సంచీ తీసి పక్కన పెట్టింది. తన చెవులకున్న వెండి లోలాకులు విప్పింది.

"ఫోను తర్వాత చేద్దురుగాని, ముందు మీ అబ్బాయి అడిగినదానికి జవాబొచ్చిందని చెప్పండి, మన ఆనవాయితీలో మామగారి పేరు నోట పలకనిది కోడలేగా" అంటూ ఆ లోలాకులు జాదిరా చెవులకు పెట్టింది.