చుక్క ఉన్న కాణీ

"ముందు నా బరమా నాకిచ్చెయ్. డబ్బా తరవాత తెరుద్దాం," అన్నాడు తమ్ముడు. మొన్నటి గాయానికి వేసిన పట్టీ అతని నుదుటి మీద ఇంకా అలాగే ఉంది.

"తూట్లు వేసుకునే నీ బరమా నాకెందుకురా? నాకు లేదా ఏంటి?" అన్న గుడ్లురిమాడు.

"ఉలి విసిరినవాడివి, బరమా ఎత్తుకుపోలేవా?"

"నీకు తగలాలనే విసిరుంటే పట్టీతో పోయేది కాదు."

"చాలించండ్రా," అంది తల్లి. "ఆయన ముందు కూడానా!"

ఆయన పాత నాణేలకి వెల కట్టే షరాబు. ఇవేవీ తనకి పట్టనట్టు బల్ల మీద నల్లగుడ్డ పరుచుకుంటున్నాడు.

తండ్రి పోతూపోతూ ఒకే మాట అన్నాడు: "నా డబ్బాలో ఒక కాణీ ఉంది. అమ్మితే ఇల్లొస్తుంది." ఎవరికివ్వాలో చెప్పకుండానే కన్ను మూశాడు. ఆ వారంలోనే ఇంటి ముందున్న వడ్రంగి కొట్టు మధ్యలో సుద్దగీత పడింది. అటు అన్న, ఇటు తమ్ముడు. డబ్బా ఎవరి దగ్గరుండాలని పేచీ వస్తే, ఒకరినొకరు నమ్మని ఆ ఇద్దరూ అమ్మని నమ్మారు. అప్పట్నుంచి అది ఆమె మంచం కింద ఉంది. తాళంచెవి ఆమె చేతిలో ఉంది.

మొన్న ఉలి అంగుళం పక్కకి పోయింది. ఈసారీ పక్కకే పోతుందని పూచీ ఏముంది? ఒకడు మట్టిలోకి, ఒకడు జైల్లోకి పోతే ఆ ఇంట్లో కన్నతల్లి తను ఎవరి మొహం చూసి బతకాలి?

షరాబు డబ్బా బోర్లించాడు. నాణేలు గలగలా పడ్డాయి. అరిగినవి, నల్లబడినవి, అంచులు సొట్టపోయినవి. వేలితో ఒక్కొక్కటే పక్కకి నెట్టాడు.

"ఇవి రాగి ధరకి పోతాయంతే."

చివరికి అడుగునున్న చిన్న గుడ్డమూట మిగిలింది. దాన్ని విప్పి, లోపలి కాణీని అరచేతి చాటునే ఉంచుకుని భూతద్దం పెట్టాడు. అన్నదమ్ములు రెండు పక్కల నుంచీ వంగారు.

"అచ్చేసిన ఏడాది సరిపోయింది," అన్నాడు షరాబు. "అంకె కింద చుక్క... ఉంది. ఆ ఏడాది అచ్చు పగిలి, చుక్కతో కొన్నే పడ్డాయి. కంటితో చూడటం నాకిదే మొదలు."

"ఇల్లొస్తుందా?"

"ఇల్లేంటి, పైన మేడ కూడా రావాలి. కాని..."

మాట పూర్తి కానివ్వలేదు.

"పెద్దకొడుకుని నేను!"

"నాన్న మంచం పక్కన కూర్చున్నది నేను!"

"అయితే సగానికి కొయ్యరా! రంపాలున్నాయిగా!"

"కాణీనెందుకు, నిన్నే కోస్తా!" తమ్ముడు బల్ల దాటి వచ్చి అన్న చొక్కా పట్టుకున్నాడు. అన్న పిడికిలి లేచింది.

"కొట్టుకునే ముందు ఇటు చూడండి," అంటూ షరాబు కాణీని నల్లగుడ్డ మీద పెట్టాడు.

పైఅంచున జొన్నగింజంత తూటు.

"చెక్కు చెదరకపోతే మేడ. తూటు పడితే చిల్లికాణీ. మా పనిలో అంతే."

"ఎవడు చేశాడీ పని?" ఇద్దరూ ఒకేసారి అరిచారు. తండ్రి పోయాక వాళ్ళ నోట ఒకే మాట రావడం అదే మొదలు.

"నేనే," అంది తల్లి. "చిన్నోడు పుట్టిన కొత్తలో రాత్రంతా ఒకటే ఏడుపు. ఎవరో రాగి మంచిదంటే మెడలో కట్టా. దాని సంగతి అప్పటికి మీ నాన్నకీ తెలీదు. తెలిశాక విప్పి దాచాడు. తూటు పడ్డా విలువ పోదనుకున్నాడు, పిచ్చి మారాజు."

షరాబు తూటు లోపలికి భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత తలెత్తి తల్లిని చూశాడు. ఆమె చూపు దించలేదు.

"నిజంగా అప్పటిదేనా?" అన్న అడిగాడు.

షరాబు భూతద్దం జేబులో వేసుకున్నాడు. "ఇలాంటి డబ్బాలు చాలా ఇళ్ళల్లో తెరిచాను బాబూ. తూటు పాతదే."

ఆయన వెళ్ళగానే అన్న తల్లి వైపు తిరిగాడు.

"మతుండే చేశావా అమ్మా? మేడని తీసుకెళ్ళి వీడి మెడలో కట్టావ్!"

"నాకు కట్టింది కాబట్టి కాణీ అయినా మిగిలింది. నీకు కట్టుంటే మింగేసేవాడివి."

అన్న నవ్వు ఆపుకోబోయాడు. ఆగలేదు. "పోనీ, ఏడుపన్నా మానాడా?"

"ఎక్కడ మానాడూ!" అంది తల్లి.

ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

"ఆ కిటికీ తలుపులు రేపటికివ్వాలి," అన్నాడు అన్న లేస్తూ. "రెండోవైపు నువ్వు పట్టుకుంటే గాని అవదు."

"బరమా లేదుగా నాకు."

"నాది తీసుకుని ఏడువు."

ఇద్దరూ కొట్లోకి నడిచారు. వాళ్ళ చెప్పుల కింద సుద్దగీత చెరిగింది.

తల్లి దిండు కింద నుంచి బరమా తీసి, మొనకంటిన రాగిపొడి తుడిచింది.