గిలాదు చర్చిలో గిటారు

ఆదివారం ఆరాధన ముగిసినా ఎవరూ ఇంటికి కదల్లేదు. చర్చి పనులు చూసే డీకన్ లాంజో వెళ్ళి, ముసలి ఎజెల్ ఇంటి గోడకున్న గిటారును తెచ్చి ముందు బెంచీ మీద పెట్టాడు.

"బాప్తిస్మం రోజున ఇక్కడే నిలబడి ఏమని ప్రమాణం చేశావు ఎజెల్?"

"బ్లూస్ పాటలు ఇక వాయించనని."

"మరి నిన్న సాయంత్రం మీ ఇంటి వెనక పీకన్ చెట్ల తోటలో వాయించిందెవరు?"

"నేను కాదు."

"మరెవరు?"

ఎజెల్ తల వంచుకున్నాడు.

శనివారం బ్లూస్ వాయించే చేతులకు ఆదివారం ఆ చర్చిలో చోటు లేదు. తప్పు రుజువైతే వెలి. వెలి పడ్డవాణ్ణి చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చనివ్వరు. ఎజెల్ భార్య క్లోటీ అక్కడే ఉంది. ఆమె పక్కన ఆరడుగుల నేల కోసమే ముసలాయన ప్రాణంలాంటి గిటారును గోడకు తగిలించేశాడు.

పాస్టరుగారు మెంఫిస్ పట్నం నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. "దూరం నుంచి విని పొరబడ్డారేమో లాంజో గారూ?" అన్నాడు.

"దూరమెక్కడ పాస్టరుగారూ, కంచె పట్టుకుని నిలబడ్డా. పాట మొదట్నుంచీ చివరిదాకా విన్నా."

"చివరిదాకానా?" అంది వెనక వరసలోంచి లాంజో భార్య.

"రుజువు కోసం విన్నానే. తీగ మీద సీసా గాజు జారిస్తే అట్లా గుండె పిండే చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకెవరికుంది? చిన్నప్పట్నుంచీ వింటున్నా, ఆ మాత్రం పోల్చుకోలేనా?"

"చిన్నప్పట్నుంచీనా?" అంది ఆవిడ మళ్ళీ.

జనం కిసుక్కున నవ్వారు. మొదటి వరసలో తెల్లబట్టలతో కూర్చున్న ఇడెల్లా పెద్దమ్మ ఒక్కసారి దగ్గింది. నవ్వులు ఆగిపోయాయి. ఎనభై దాటిన ఆవిడంటే అక్కడ పాస్టర్లకే హడలు. బ్లూస్ సైతాను సంగీతమని ఎజెల్ చేత ప్రమాణం చేయించింది ఆవిడే.

"ఒకరి మాట విని నేనెవర్నీ వెలివేయలేను," అన్నాడు పాస్టరు. "ఎజెల్ గారూ, అదే పాట వాయించండి. లాంజో గారే తేలుస్తారు."

"ప్రమాణం ఉంది నాయనా."

"ఈ ఒక్కసారికి ఆ దోషం నాది."

ఏ పాటో లాంజో కూనిరాగం తీసి చెప్పాడు. ఒక్క స్వరం పొల్లుపోలేదు. అతని భార్య నెత్తి కొట్టుకుంది.

ఎజెల్ చిటికెన వేలికి గాజు సీసా మెడ ముక్కను ఉంగరంలా తొడుక్కున్నాడు. కాస్త చెడగొట్టి వాయిస్తే చాలు, బతికిపోతాడు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. కానీ చెడగొట్టడం ఆ చేతులకు రాదు.

బొటనవేలు లావు తీగ మీద రైలు నడక నడుస్తుంటే, సన్న తీగ మీద గాజు జారి మనిషిలాగే మూలిగింది. అతను చరణాన్ని సగం పాడి వదిలేస్తే మిగతా సగం తీగే పాడింది. ఉన్నది ఒక్క మనిషీ ఒక్క గిటారూ, వింటుంటే ముగ్గురు కూర్చుని వాయిస్తున్నట్టుంది. అది వినడానికైనా పెట్టి పుట్టి ఉండాలి. ఎవరో "ఆమెన్" అన్నారు. పాస్టరుగారి బూటు నేల మీద తాళం వేస్తోంది.

పాట అయిపోయింది. లాంజో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదే పాస్టరుగారూ. అచ్చం ఇదే. నా చెవుల మీద ఒట్టు."

పాస్టరు ముఖం వాడిపోయింది. "నిన్న వాయించింది మీరు కాకపోతే ఎవరో చెప్పండి ఎజెల్ గారూ. ఒక్క పేరు చెప్తే చాలు."

"చెప్పను," అన్నాడు ఎజెల్. కిటికీలోంచి క్లోటీ ఉన్న వైపు ఒకసారి చూసి గిటారు కింద పెట్టాడు.

"అయితే వెలికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు పాస్టరు నీరసంగా. ఒకటీ అరా చేతులు లేస్తున్నాయి. ఇడెల్లా పెద్దమ్మ కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"అచ్చం ఇదేనట, నీ మొహం," అంది లాంజోతో. "రెండో చరణంలో వీడి బొటనవేలు ఎప్పుడూ ఒక దెబ్బ వెనకబడుతుంది, నేను నేర్పిన నాటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. నిన్న వాయించింది నేను."